సున్నంతో కట్టిన ఉన్నత విద్య

థార్న్‌బెక్ టెక్నికల్ కాలేజీలో వచ్చే సెప్టెంబరు నుంచి ఉన్నత విద్య ప్రారంభమవుతుందని ప్రిన్సిపాల్ రోలండ్ పిమ్లట్ గారు జనవరిలో ప్రకటించారు. అంతవరకూ అక్కడ జరిగింది విద్య మాత్రమేనని ఊరివాళ్లకు అప్పుడే తెలిసింది.

మా ఊళ్లో జుట్టు కత్తిరించేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు, గోడలు కట్టేవాళ్లు, ముసలివాళ్లకు స్నానాలు చేయించేవాళ్లు అందరూ ఆ కాలేజీలో చదివినవాళ్లే. తమ చదువు ఏ అంతస్తులో ఉందో వాళ్లు ఎన్నడూ కనుక్కోలేదు. జుట్టు సరిగ్గా తెగుతోంది, గోడ నిలబడుతోంది కనక అవసరం రాలేదు.

ప్రకటన సభలో పిమ్లట్ గారు ఇలా ప్రసంగించారు: "మిత్రులారా, ఇంతకాలం మనం ఈ ఊరి చేతులకు చదువు చెప్పాం. ఇక తలకాయల వంతు వచ్చింది. ఇకపై డిగ్రీ కోసం మన బిడ్డలు నలభై మైళ్లు పోనక్కరలేదు. డిగ్రీయే నలభై మైళ్లు నడిచి మన గుమ్మంలోకి వస్తోంది." చప్పట్లు మోగాయి. తర్వాత అందరూ కాలేజీ బేకరీ పిల్లలు చేసిన కేకు తిని మెచ్చుకున్నారు. అది కింది స్థాయి కేకు. ఆ సంగతి అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

డిగ్రీ శిశు విద్యలో. ఇచ్చేది నలభై మైళ్ల దూరంలో ఉన్న ఎల్మ్‌షైర్ యూనివర్సిటీ. పాఠాలు చెప్పేది మా కాలేజీ. ముద్ర వాళ్లది, చాకిరీ మాది. ఇలాంటి ఒప్పందాలు మా దేశంలో మామూలే. ఇందులో ఎవరికీ అన్యాయం జరగదని రెండు పక్షాలూ సంతకాలు చేశాయి.

సభలో వెనక వరసలో కూర్చున్న థెల్మా గార్సైడ్ మాత్రం చప్పట్లు కొట్టడం మరిచిపోయింది. ఆమెకు యాభై దాటాయి. సముద్రం ఒడ్డు వీధిలోని పసిపిల్లల బడిలో సహాయకురాలు. పెళ్లి కాకముందు చేరింది, ఇంకా సహాయం చేస్తూనే ఉంది. ఆ బడికి మేనేజరు ఫీబీ అనే అమ్మాయి. ఫీబీకి డిగ్రీ ఉంది. ఫీబీ చిన్నప్పుడు అదే బడిలో ఉండేది, అప్పట్లో ఆమె ముక్కు తుడిచింది థెల్మాయే. ఫీబీకి సొంత గది ఉంది, గదిలో సొంత కెటిల్ ఉంది. మిగతావాళ్ల కెటిల్ నడవాలో ఉండేది. దాని మూత వేలితో నొక్కిపట్టుకుంటే గాని నీళ్లు మరిగేవి కావు.

వచ్చే అక్టోబరులో ఫీబీ వేరే ఊరు వెళ్లిపోతోంది. బడి యజమానులు థెల్మాను పిలిచి మర్యాదగా చెప్పారు. సెప్టెంబరుకల్లా డిగ్రీలో చేరి ఉంటే ఆ కుర్చీ నీది. లేదంటే బయటినుంచి ఇంకో అమ్మాయిని తెస్తాం. నీకు తెలియనిదేముంది, రూలు.

ఎల్మ్‌షైర్‌కు వెళ్లి చదువుకుందామంటే, అక్కడ సాయంత్రం క్లాసు అయ్యేలోపే మా ఊరి చివరి బస్సు బయల్దేరిపోతుంది. కాబట్టి థెల్మా బతుకు మా కాలేజీకి ఆ డిగ్రీ రావడం మీద ఆధారపడింది. ఇంకో చిక్కు కూడా ఉంది. డిగ్రీలో చేరాలంటే పదహారేళ్ల పిల్లలు రాసే లెక్కల పరీక్ష పాసై ఉండాలి. బళ్లో చదివే రోజుల్లో థెల్మా అది తప్పింది. అందుకని గురువారం సాయంత్రాలు కాలేజీకి వచ్చి పదహారేళ్ల పిల్లల మధ్య కూర్చుని మళ్లీ లెక్కలు నేర్చుకుంటోంది. పరీక్ష మే నెలలో. దేశమంతా ఒకే రోజు, ఒకే గంట.

ఇక యూనివర్సిటీ ఒక షరతు పెట్టింది. డిగ్రీ ఇవ్వాలంటే కాలేజీలో ఉన్నత విద్యా వాతావరణం ఉండాలి. మే నెలలో ఒక పరిశీలక బృందం వచ్చి ఆ వాతావరణాన్ని చూసి వెళుతుంది.

వాతావరణం అంటే ఏమిటో మా కాలేజీలో ఎవరికీ తెలియదు. పిమ్లట్ గారు స్వయంగా ఎల్మ్‌షైర్ వెళ్లి ఒక రోజంతా పరిశీలించి వచ్చారు. అక్కడ విద్యార్థులు సోఫాల్లో పడుకుని ఉన్నారనీ, సోఫాల పక్కన కుండీల్లో మొక్కలు ఉన్నాయనీ, అందరి చేతుల్లో కాగితం కప్పులు ఉన్నాయనీ ఉపాధ్యాయుల సమావేశంలో వివరించారు. వారం తిరక్కుండా తూర్పు నడవా చివరి హాల్లోకి సోఫాలు, మొక్కలు, కాగితం కప్పులు వచ్చాయి.

మరునాడు ఉదయం ఆ సోఫాల్లో వెల్డింగు పిల్లలు పడుకుని కనిపించారు. సోఫాలో పడుకోవడంలో వాళ్లకు ఎల్మ్‌షైర్ విద్యార్థులకంటే ఎక్కువ ప్రావీణ్యం ఉందని చూసినవాళ్లందరూ అంగీకరించారు. కాని వాళ్లు చదివేది కింది స్థాయి. అందువల్ల వాళ్లు పడుకుంటే అది నిద్ర మాత్రమే అవుతుంది. వాతావరణం కాదు.

వేరుచేయడం అప్పుడు మొదలైంది.

కాలేజీలో అందరి మెడల్లోనూ పసుపు పట్టీకి వేలాడే కార్డు ఉండేది, గేటు దానితోనే తెరుచుకునేది. ఉన్నత విద్యకు ఊదారంగు నిర్ణయించారు. గ్రంథాలయంలో ఒక బీరువాకు ఊదారంగు రిబ్బను కట్టారు. పుస్తకాలు పాతవే. ఇకపై వాటిని నెమ్మదిగా చదవాలి. క్యాంటీనులో అందరికీ బంగాళాదుంప వేపుడు, దాని మీద టమాటా రసంలో ఉడికిన చిక్కుడుగింజలు పెడతారు. ఉన్నత విద్యార్థులకు ఆ గింజలు విడిగా చిన్న గిన్నెలో పెట్టాలని తీర్మానించారు. పైవాళ్లకు ఒక కెటిల్, కిందివాళ్లకు ఒక కెటిల్ ఏర్పాటయ్యాయి. నీళ్లు ఒకే కుళాయివి. దాని గురించి ఏం చేయవచ్చో చూడమని ఒక ఉపసంఘాన్ని వేశారు.

శిశు సంరక్షణ చెప్పే నైజెల్ ట్రాంటర్ గారి పరిస్థితి సున్నితంగా ఉండేది. ఉదయం సర్టిఫికెట్ క్లాసు ఆయనదే, మధ్యాహ్నం డిగ్రీ క్లాసు కూడా ఆయనదే కాబోతోంది. ఒకే మనిషి రెండు స్థాయుల్లో ఉండటం ఎలా అన్న ప్రశ్న వచ్చింది. మధ్యాహ్నానికి మోచేతుల దగ్గర తోలు అతుకులున్న కోటు వేసుకోవాలని పరిష్కరించారు. పాఠం కూడా మారాలి. ఉదయం ఆయన "పసిబిడ్డ ఏడిస్తే ఎత్తుకోండి" అనేవారు. మధ్యాహ్నం "ఏడ్చే పసిబిడ్డను ఎత్తుకోవడంపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి" అనాలి. ఉన్నత విద్య చెప్పేవారు ఆలోచించాలి కనక ఆయనకు బుధవారం మధ్యాహ్నాలు ఆలోచనకు కేటాయించారు. గదులు ఖాళీ లేక ఆయన కారులో కూర్చుని ఆలోచించేవారు. అటు పోయే పిల్లలు అద్దం మీద తట్టి, "నైజెల్, తాళాలు పోయాయా?" అని అడిగేవారు.

థెల్మా కార్డు ఏ రంగుదన్న విషయం మీద ఒక మధ్యాహ్నమంతా చర్చ జరిగింది. సెప్టెంబరులో చేరబోతోంది కనక ఆమె పైమనిషి. గురువారం లెక్కలకు వస్తోంది కనక కిందిమనిషి. టీ ఏ కెటిల్లోది తాగాలి? చివరికి ఆమెకు ఊదారంగు కార్డు మంజూరైంది. కంప్యూటరు ఒక మనిషికి ఒక రంగే ఒప్పుకుంటుంది కాబట్టి ఆ క్షణమే ఆమె పసుపు కార్డు చెల్లకుండా పోయింది. గురువారాల్లో రిసెప్షనిస్టు మార్గో బటను నొక్కి లోపలికి పంపేది. ఈ ఏర్పాటు అందరికీ తృప్తినిచ్చింది.

అయినా సోఫాల్లో వెల్డింగు పిల్లలు కనిపిస్తూనే ఉన్నారు. తూర్పు నడవాకు అడ్డంగా గోడ కట్టాలనీ, గోడ మధ్యలో కమాను, కమానులో కార్డుతో తెరుచుకునే తలుపు పెట్టాలనీ పిమ్లట్ గారు ఆజ్ఞాపించారు. బయటి కాంట్రాక్టరు ఆగస్టుకు గాని రానన్నాడు. అప్పుడు కాలేజీలోనే తాపీపని విభాగం ఉందన్న సంగతి గుర్తొచ్చింది.

ఆ విభాగం పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. అక్కడ పిల్లలు గోడలు కడతారు, విప్పుతారు. సిమెంటు వాడరు. ఇసుకలో నామమాత్రంగా సున్నం కలిపి వాడతారు. అది గట్టిపడదు కాబట్టి ఇటుకలు మళ్లీ పనికొస్తాయి. గోడ పూర్తయ్యాక ఒక శుక్రవారం బయటినుంచి పరీక్షకుడు వస్తాడు. మెడలో టై ఉంటుంది, చంకలో ఫైలు ఉంటుంది. గోడ మీద చెయ్యి వేస్తాడు, తల ఊపుతాడు, ఫైల్లో ఏదో రాసుకుంటాడు, వెళతాడు. ఆయన వీపు కనబడగానే పిల్లలు గోడను పైనుంచి విప్పడం మొదలుపెడతారు. ఇటుకలు గీకి, తుడిచి, పేరుస్తారు. సోమవారం ఇంకో బృందానికి అవే ఇటుకలు కావాలి. మా ఊరి మేస్త్రీలందరూ అవే ఇటుకలతో పని నేర్చారు. తండ్రి కట్టి విప్పిన ఇటుకను కొడుకు కట్టి విప్పాడు.

ఒకసారి ఒక కుర్రాడు పొరపాటున సిమెంటు కలిపాడు. అతని గోడ ఇప్పటికీ సైకిళ్ల షెడ్డు వెనక నిలబడి ఉంది. దాన్ని ఎవరూ కూల్చలేకపోయారు. కాలేజీవాళ్లు దానికి ఒక పూలకుండీ తగిలించి, కుర్రాడిని ఫెయిల్ చేశారు. ఆ తర్వాత పిమ్లట్ గారే కాలేజీ ఆవరణలో సిమెంటును నిషేధించారు.

ఈ విషయాన్ని తాపీపని నేర్పే డెస్ ఆక్రాయిడ్ ఆయనకు గుర్తుచేశాడు.

"పిమ్లట్ గారూ, మా దగ్గరున్నది సున్నం. ఇది గట్టిపడదు. గట్టిపడకూడదనే కదా వాడేది."

"నిషేధం ఎత్తెయ్యాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ నవంబరుకు గాని కూర్చోదు. సున్నంతో కడితే ఎంతకాలం నిలబడుతుంది?"

"ఎవరూ వేలు పెట్టకపోతే నాకంటే ఎక్కువకాలం."

"ఉన్నత విద్యలో ఎవరూ వేలు పెట్టరు, ఆక్రాయిడ్."

గోడ లేచింది. కమాను వంపు తిరిగింది. టైలా అనే అమ్మాయి నడిమి ఇటుక దించిన రోజున విభాగం అంతా నిలబడి చూశారు. తలుపు చట్రాన్ని నేలకు బిగించారు. గురువారం లెక్కల క్లాసుకు వస్తూ థెల్మా అక్కడ ఆగింది. థెల్మా, డెస్ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు.

"ఒరే డెస్, నడవాకు అడ్డంగా ఈ గోడేమిట్రా?"

"నువ్వు కిందికి జారిపడకుండానట."

"గురువారాలు నేను కిందే ఉంటా కదరా, లెక్కలకి."

"అయితే గురువారాలు జారిపడు. మిగతా రోజులు పైన కూర్చుని మమ్మల్ని చూసి జాలిపడు."

"ఈసారి లెక్కలు తప్పితే జాలిపడాల్సింది మీరే. ఇంకో ముక్కుపచ్చలారని పిల్ల వచ్చి నా నెత్తిన కూర్చుంటుంది. దానికి కూడా చిన్నప్పుడు నేనే లాలపోసి ఉంటాను."

"తప్పవులే. బళ్లో నా లెక్కలు చూసి రాసినందుకు కదా అప్పుడు తప్పావు. ఈసారి నేను పక్కన ఉండను."

పరిశీలక బృందం మే నెలలో శుక్రవారం వస్తుందని కబురు అందింది. లెక్కల పరీక్ష కూడా ఆ శుక్రవారమే, మధ్యాహ్నం. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. ఒకటి యూనివర్సిటీ నిర్ణయం, ఒకటి దేశం నిర్ణయం.

ఉన్నత విద్యార్థులు సెప్టెంబరుకు గాని రారు, వాతావరణం మేలోనే చూపించాలి. అందువల్ల సోఫాలు నింపే బాధ్యత సిబ్బంది మీద పడింది. వాచ్‌మన్‌కు కళ్లద్దాలు పెట్టారు. మార్గోను రిసెప్షన్ నుంచి లేపి మొక్క పక్కన పుస్తకంతో కూర్చోబెట్టారు. డెస్ మెడకు మఫ్లరు చుట్టి తత్వశాస్త్ర విద్యార్థిని చేశారు. అందరికీ ఆ రోజుకు ఊదారంగు కార్డులు ఇచ్చారు. మొత్తం హాల్లో నిజంగా చేరబోయేది థెల్మా ఒక్కతే కాబట్టి ఆమెను మధ్య సోఫాలో పెట్టారు.

"పరీక్ష ఒకటిన్నరకండీ," అంది థెల్మా.

"మీరు ఒంటిగంటకే వెళ్లిపోవచ్చు మిసెస్ గార్సైడ్. ఉన్నత విద్యలో సమయపాలనే ప్రాణం," అన్నారు పిమ్లట్ గారు.

బృందానికి అధ్యక్షులు ప్రొఫెసర్ హ్యూ లాంబర్న్ గారు. ఆయనకు క్యాంటీనులో చిన్న గిన్నెలో చిక్కుడుగింజలు పెట్టారు. ఆయన ఇంకో గిన్నె అడిగారు. ఆ ఆలస్యంతో బృందం తూర్పు నడవాకు వచ్చేసరికి ఒంటిగంట కావచ్చింది. నడవాలో గోడకు ఇవతల తాపీపని పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. లాంబర్న్ గారు ఆగారు. కమాను మీద చెయ్యి వేశారు. వంపు వెంట వేలు పోనిచ్చారు. తల ఊపారు. చంకలోని ఫైలు తీసి ఏదో రాసుకున్నారు. ఆయన మెడలో టై ఉంది. పిమ్లట్ గారు కార్డు చూపించారు, తలుపు తెరుచుకుంది, బృందం లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది.

ఇవతల మిగిలింది పిల్లలు, గోడ. అది శుక్రవారం మధ్యాహ్నం. వాళ్లకు చెప్పవలసిన మనిషి అవతల మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు.

హాల్లో లాంబర్న్ గారు నేరుగా థెల్మా ఎదుట కూర్చున్నారు.

"ఇక్కడి వాతావరణం మీకు ఎలా అనిపిస్తోందండీ?"

"ఉక్కగా ఉందండీ. కిటికీ తెరుచుకోదు."

విద్యార్థులలో విమర్శనాత్మక దృష్టి ఉందని ఆయన రాసుకున్నారు. తర్వాత ట్రాంటర్ గారిని ఆయన పరిశోధన గురించి అడిగారు. ట్రాంటర్ గారు తోలు అతుకుల మోచేతులు బల్ల మీద ఆనించి, తన ఆలోచన ఎక్కువగా నిశ్చలంగా ఉన్న వాహనంలో జరిగిందని చెప్పారు. థెల్మా గడియారం చూసి లేచింది.

తలుపు దగ్గరికి వెళ్లి చూస్తే, కార్డు పెట్టే యంత్రం ఇటువైపు లేదు. కింది నుంచి పైకి వచ్చేవాళ్ల కోసం అటువైపు మాత్రమే బిగించారు. పైనుంచి కిందికి వెళ్లాలనుకునేవాళ్లు ఉంటారని ఎవరికీ తట్టలేదు. పైవాళ్లు బయటికి పోవడానికి వీధివైపు వేరే గుమ్మం ఉంది, దానికి తివాచీ ఉంది.

థెల్మా తివాచీ మీదుగా వీధిలోకి పరిగెత్తింది. కాలేజీ చుట్టూ తిరిగి పాత గేటుకు వెళ్లింది. ఊదారంగు కార్డు పెడితే ఎర్రదీపం వెలిగింది. బటను నొక్కవలసిన కుర్చీ ఖాళీగా ఉంది. మళ్లీ పరిగెత్తుకుంటూ తివాచీ మీదుగా లోపలికి వచ్చి మొక్క పక్కన వంగింది.

"మార్గో, ఓసారి వచ్చి గేటు తియ్యవే. పరీక్ష!"

"నా కార్డు కూడా ఊదాయే థెల్మా. పొద్దున మార్చేశారు. నేను కూడా ఇవాళ నీలాగే పైదాన్ని. బటను బల్ల లోపలుంది, గేటు దాటితే గాని అందదు."

థెల్మా పిమ్లట్ గారి చెవి దగ్గరికి వెళ్లింది. "పక్కన మంటలొస్తే తెరిచే తలుపు ఉంది, అది తీసి అటు పోతానండీ."

"తీస్తే అలారం మోగుతుంది. పరీక్ష హాల్లో వాళ్లంతా బయటికి రావాలి. మీ ఒక్కరి కోసం..." అని ఆయన బృందం వైపు చూసి నవ్వారు. "నవంబరులో మళ్లీ ఉంటుంది కదా."

"నవంబరులో నాకేముంటుందండీ? కుర్చీ అక్టోబరులో పోతుంది."

"మిసెస్ గార్సైడ్, మీ వ్యక్తిగత ప్రగతికీ సంస్థ ప్రగతికీ మధ్య ఘర్షణ వచ్చినప్పుడు ఉన్నత విద్య మనకు ఓర్పు నేర్పుతుంది."

థెల్మా సోఫాలో కూలబడింది. చేతిలో రెండు పెన్నులు, ఒక స్కేలు ఉన్నాయి.

అప్పుడు గోడ అవతలినుంచి చప్పుడు వినిపించింది. టిక్, టిక్. ఆగి, ఇసుక రాలిన చప్పుడు.

డెస్ తల ఎత్తాడు. తాపీ పిడితో ఇటుకను తట్టి వదులు చేసే చప్పుడు అది. గోడ విప్పడం పైవరసలో అలాగే మొదలవుతుంది. ఈ వాతావరణం మొత్తం నిలబడింది ఆ గోడ మీదే. లేచి ఒక్క కేక వేస్తే పిల్లలు ఆగిపోతారు. అతను థెల్మా వైపు చూశాడు. ఆమె స్కేలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అతను తన కప్పులోకి చూశాడు.

"టీ చల్లారిపోయింది," అన్నాడు. లేచి వెళ్లి కెటిల్ నిండా నీళ్లు పోసి పెట్టాడు. అది పైవాళ్ల కెటిల్. మరిగేటప్పుడు గది దద్దరిల్లేది.

కెటిల్ ఆగేసరికి లాంబర్న్ గారు ఉన్నత విద్యకు ప్రత్యేక స్థలం ఎంత అవసరమో చెబుతూ, ఉదాహరణగా గోడ వైపు చెయ్యి చూపించారు. అందరూ అటు తిరిగారు. కమాను లేదు. కమానుకు అటూ ఇటూ గోడ నడుము ఎత్తున ఉంది, చూస్తుండగానే మోకాళ్లకు దిగింది. తలుపు మాత్రం తన చట్రంలో నిటారుగా నిలబడి ఉంది. దానికి తాళం వేసే ఉంది. తలుపుకు రెండువైపులా పిల్లలు ఇటుకలు అందుకుంటున్నారు.

పిమ్లట్ గారు తలుపు దగ్గరికి పరిగెత్తారు. గోడ లేని తలుపు ముందు నిలబడి, తెరవండి, తెరవండి అని దాన్ని బాదారు. టైలా పక్కనుంచి తల పెట్టి చూసింది.

"ఏం చేస్తున్నారు మీరు?"

"విప్పుతున్నామండీ. పాసయింది కదా."

"ఎవరు పాస్ చేశారు?"

"ఆయనేనండీ." టైలా ప్రొఫెసర్ గారిని చూపించింది. "చెయ్యి వేశారు, తల ఊపారు, రాసుకున్నారు. సోమవారం ఈ ఇటుకలు రెండో బృందానికి కావాలి."

థెల్మా అప్పటికే లేచింది. ప్రిన్సిపాల్‌ను, తలుపును దాటుకుని ఇటుకల మీదుగా అడుగేసింది. టైలా చెయ్యి అందించింది. అయిదేళ్లు నిండేదాకా టైలా కూడా సముద్రం ఒడ్డు బడిలోనే పెరిగింది.

"థెల్మా ఆంటీ, కాలు చూసుకో."

"నా కాలికేంలే. ముక్కు తుడుచుకోవే, సున్నం అంటింది."

అని నడవాలో పరుగందుకుంది. పరీక్ష హాలు తలుపు మూస్తున్న మనిషి ఆమె స్కేలును చూసి తలుపు మళ్లీ తెరిచాడని తర్వాత తెలిసింది.

హాల్లో వాచ్‌మన్ కళ్లద్దాలు తీసేశాడు. గొప్ప నాయకులు ఎలాంటి సమయంలో బయటపడతారో అలాంటి సమయం అది. పిమ్లట్ గారు తలుపును వదిలి, టై సవరించుకుని, బృందం వైపు తిరిగారు.

"ప్రొఫెసర్ గారూ, గౌరవ సభ్యులారా! మీరు ఇప్పుడు చూసింది మా కాలేజీ తత్వానికి ప్రత్యక్ష ప్రదర్శన. జ్ఞానానికి అడ్డుగోడలు ఉండవని మాటల్లో చెప్పేవారు ఎందరో ఉన్నారు. మేము కట్టి మరీ విప్పి చూపిస్తాం. ఆ అడ్డుగోడ తొలగించింది ఎవరు? ఈ ఊరి పిల్లలు. దాటింది ఎవరు? ఈ ఊరి తల్లి. ఆవిడ ఎటు వెళ్లింది? పరీక్షకు!"

లాంబర్న్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సున్నం దుమ్ముకు మిగతా సభ్యులు కూడా తుడుచుకున్నారు. పిమ్లట్ గారు దాన్ని కన్నీళ్లుగా స్వీకరించారు. తాపీపని పిల్లలు చప్పట్లు కొట్టారు, ఇటుకలు పేర్చడం ముగించారు, ఇంటికి వెళ్లిపోయారు.

డిగ్రీ మంజూరైంది. బృందం తన నివేదికలో మా కాలేజీని అడ్డుగోడల తొలగింపులో దేశానికే ఆదర్శమని కొనియాడింది. ఒకే ఒక షరతు పెట్టింది. ఇంత స్ఫూర్తిదాయకమైన కార్యక్రమం ఆగిపోకూడదు. ఏటా మే నెలలో బృందం సమక్షంలో గోడ తొలగించాలి. తొలగించాలంటే గోడ ఉండాలి. కాబట్టి సంవత్సరంలో మిగతా రోజులన్నీ గోడ నిలబడి ఉండాలి.

ఆ షరతును కాలేజీ నిష్ఠగా పాటిస్తోంది. నివేదిక అందిన మర్నాడే గోడ మళ్లీ లేచింది. ఇటుకలు లేక తాపీపని రెండో బృందం ఆ వారమంతా గోడల గురించి చర్చించింది. డెస్‌కు గోడ సమన్వయకర్త అనే పదవి ఇచ్చి, మెడలో ఊదా పట్టీ వేశారు. కింద తాపీ క్లాసు చెప్పేటప్పుడు అతను దాన్ని జేబులో పెట్టుకుంటాడు. ఉక్కపోతపై థెల్మా చేసిన వ్యాఖ్య ఆధారంగా కాలేజీ విద్యార్థుల మాట వింటుందని కరపత్రంలో వేశారు. కిటికీ ఇంకా తెరుచుకోలేదు.

థెల్మా లెక్కలు పాసైంది. సెప్టెంబరులో చేరింది. అక్టోబరులో ఫీబీ వెళ్లిపోయింది, కుర్చీ థెల్మాకు వచ్చింది. ఊళ్లో అందరూ సంతోషించారు. ఆ బడిలో సహాయకురాళ్లు కేకు కూడా చేయించారు.

నవంబరులో ఒక రోజు డెస్ బడి మెట్టు బాగుచేయడానికి వెళ్లాడు. పని అయ్యాక థెల్మా బయటికి వచ్చింది.

"టీ తాగుతావట్రా?"

"పెడితే తాగుతా. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి."

"నడవాలో కెటిల్ ఉంది, పెట్టుకో. మూత మీద వేలు పెట్టి నొక్కిపట్టుకో, లేకపోతే మరగదు."

డెస్ ఆమె భుజం మీదుగా గదిలోకి చూశాడు. కుర్చీ పక్కన ఫీబీ కెటిల్ ఉంది. ఆవిరి వస్తోంది.

"మరి అదేమిటే?"

"అది..." అని థెల్మా వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే దాని గురించి ఇంతకు ముందు ఆలోచించినట్టు లేదు. "అది గదిలోది కదరా."

డెస్ నడవాలోకి వెళ్లి మూత మీద వేలు పెట్టి నిలబడ్డాడు.

మా థార్న్‌బెక్ వాళ్ల వెర్రి చూసి మీకు నవ్వొచ్చి ఉంటుంది. రెండు కెటిళ్లట, రెండు గిన్నెలట, నడవాకు అడ్డంగా గోడట. హాయిగా నవ్వండి. నవ్వాక ఒకసారి లేచి మీ వంటింట్లోకి వెళ్లి, అంట్లు తోమే మనిషికి టీ పోసే గ్లాసు ఎక్కడ బోర్లించి ఉందో చూసి రండి. మిగతా గ్లాసుల వరసలో ఉండదు. కిటికీ దగ్గరో, తొట్టి పక్కనో ఉంటుంది. అక్కడ పెట్టమని మీరు ఎవరికీ చెప్పి ఉండరు. మధ్యలో గోడ లేదు, సిమెంటు లేదు, సున్నం కూడా లేదు. ఇన్నేళ్లయినా అది ఒక్క అంగుళం కదల్లేదు.

మా డెస్ మీ పనితనం చూస్తే గౌరవంగా టోపీ తీస్తాడు.